సముద్రం దాటిన సోమాలీలు సుత్తి పట్టినవాణ్ణి ఎందుకు దూరం పెట్టారు?

ప్రశ్న ఇది: "సోమాలీలు రెండు వేల ఏళ్ళ కిందటే ఎర్రసముద్రం దాటి వ్యాపారం చేసిన నావికులని చదివాను. అదే సోమాలీ సంచార పశుపాలకులు కమ్మరం, తోలుపని లాంటి చేతిపనుల్ని నీచంగా చూసేవారనీ చదివాను. పడవ కట్టడం కూడా చేతిపనే కదా, ఈ రెండూ ఎలా పొసిగాయి?"

పొసగాల్సిన అవసరమే రాలేదు. ఒంటెలు మేపినవాళ్ళు ఒకరు, పడవ నడిపినవాళ్ళు ఇంకొకరు, ఇనుము కొట్టినవాళ్ళు మూడోవాళ్ళు. ముగ్గురినీ కలిపి సోమాలీలు అనేస్తే ఏదో వైరుధ్యం ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఒంటెల కాపరికి చిన్నచూపు ఉన్నది చేతిపని మీద కాదు, పక్కవాడు పురమాయిస్తే పని చేసి వాడిచ్చింది తిని బతకడం మీద. మర్చంట్ నేవీలో ఇంజనీరుగా ఆ తీరానికి వెళ్ళాను. మాది గోదావరి జిల్లాలో కమ్మరి కుటుంబం. వేరేవాళ్ళు పట్టించుకోని సంగతులు నా కంట పడ్డాయి.

అప్పట్లో నేను థర్డ్ ఇంజనీరుని. మా ఓడ బెర్బెరా రేవు నుంచి జెడ్డాకి గొర్రెలు, మేకలు, ఒంటెలు తీసుకెళ్ళేది. హజ్‌కి ముందు ఆ రేవంతా జీవాలే. వేసవిలో అక్కడ ఖరీఫ్ అనే వేడిగాలి ఇసుకని మోసుకుంటూ వీస్తుంది. తాహతు ఉన్నవాళ్ళు ఊరు వదిలి కొండల మీద ఉన్న షేక్ పట్నానికి వెళ్ళిపోతారు. అలాంటి రోజున జీవాల్ని ఓడెక్కించే ర్యాంపుని మా ఓడకి తగిలించే కొక్కెం విరిగింది. అది ఒడ్డు తాలూకు సామాను, బాగు చేయించాల్సింది ఏజెంటు. కొలత చెప్పడానికి చీఫ్ ఇంజనీరు నన్ను కూడా పంపాడు.

ఏజెంటు పాతికేళ్ళ కుర్రాడు. హిందీ సినిమాలు చూసి హిందీ నేర్చుకున్నాడు, నాతో సగం హిందీ, సగం ఇంగ్లీషు. దారి పొడుగునా వాళ్ళ పూర్వీకుల గొప్ప చెబుతూనే ఉన్నాడు. ఫారోల కాలంలోనే ఈజిప్టు గుళ్ళకి సాంబ్రాణి పంపింది మేమే అన్నాడు, మీ ఇండియా బియ్యం, నెయ్యి మా రేవుల్లో దిగేవి అన్నాడు. బియ్యం, నెయ్యి మాట నిజమే, తర్వాత చెబుతాను. ఊరి చివర రేకుల షెడ్డు దగ్గర కారు ఆపి, తను దిగకుండా అద్దం దించి లోపలున్న మనిషిని కేకేశాడు. ఆ మనిషికి అరవై దాటి ఉంటాయి. అక్కడ పెద్దవాళ్ళని, మనం బాబాయ్ అన్నట్టు, అదేర్ అని పిలుస్తారు. ఈ కుర్రాడు మా ఓడ మీద వంటవాణ్ణి కూడా అలాగే పిలిచేవాడు. ఈ పెద్దాయన్ని మాత్రం పిలవలేదు.

లోపలికి వెళ్ళేసరికి మా నాన్న కొలిమి ముందు నిలబడ్డట్టే అనిపించింది. బొగ్గులు, చేత్తో తిప్పే ఫ్యాను, మొద్దులో దిగేసిన దాగలి. ఆయన విరిగిన కొక్కేన్ని అటూ ఇటూ తిప్పి, విరిగిన చోట వేలితో రాసి చూసి పక్కన పడేశాడు. దాన్ని అతకడం దండగని ఆయనకి అర్థమైపోయింది. మూల నుంచి పాత లారీ కమాను పట్టీ తీసి నిప్పుల్లో పెట్టాడు. ఆయనకి సాయం చేసే పిల్లవాడు ఎక్కడికో వెళ్ళాడు. ఎర్రగా కాలిన పట్టీని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో సమ్మెట ఎత్తాలంటే కష్టం. నేను పటకారు అందుకున్నాను. ఆయన వద్దనబోయాడు. రెండు దెబ్బలు పడ్డాక పట్టీని పక్కకి తిప్పాను, మళ్ళీ దెబ్బ, మళ్ళీ తిప్పాను. ఆయన ఆగి నా మొహంలోకి చూశాడు. ఎప్పుడు తిప్పాలో చెప్పక్కర్లేని మనిషి దొరికాడని తెలిసిపోయింది. అక్కడి నుంచి ఇద్దరం ఒక వరసలో పని చేశాం. భాషతో పనే పడలేదు.

కొక్కెం వంపు తిరిగింది, కన్నం పడింది. ఏజెంటు గుమ్మం దగ్గరకి వచ్చి నీళ్ళలో ముంచి ఇచ్చెయ్యమని తొందరపెట్టాడు. అవతల ఎండలో జీవాలున్నాయి, వాడి టెన్షన్ వాడిది. పెద్దాయన ఒప్పుకోలేదు. కొక్కేన్ని బూడిదలో పాతిపెట్టి కూర్చున్నాడు. కమాను ఉక్కుని ఎర్రగా ఉన్నప్పుడు నీళ్ళలో ముంచితే గాజులా పెళుసెక్కుతుంది. కొడవలికైతే ఆ పదును కావాలి, బరువు మోసే కొక్కేనికి అది ప్రమాదం. బూడిదలో నిదానంగా చల్లారితే సాగే గుణం నిలుస్తుంది. నేను ఈ మాట ఏజెంటుకి చెప్పాను. వాడు వినలేదు, వాడి మనసు ఇంకో చోట ఉంది. "సర్, మీరు ఆఫీసరు, మీరెందుకు పట్టుకున్నారు?" అన్నాడు. మాది కమ్మరి కుటుంబమని, మా నాన్న, తాత చేసింది ఇదే పని అని చెప్పాను. "కాదు సర్, మీరు ఇంజనీరు" అన్నాడు. వాడికి నా మీద గౌరవం ఉంది, దాన్ని కాపాడుకోవాలని చూస్తున్నాడు. అలా కాపాడుకోవాలంటే నేను చెప్పింది అబద్ధం అయి తీరాలి.

పక్క కొట్టు నుంచి యాలకులు వేసిన పాల టీ తెప్పించాడు. నాకొకటి, తనకొకటి. పెద్దాయనకి లేదు. నా గ్లాసు ఆయన చేతిలో పెట్టాను. ఆయన తీసుకుని తాగాడు. తాగాక గ్లాసు తిరిగి కొట్టుకి పంపకుండా తన దగ్గరే పెట్టుకుని దాని ఖరీదు ఇచ్చేశాడు. కొట్టువాడు అడగలేదు. ఆయనకి తెలుసు. వెనక్కి వస్తూ ఏజెంటు తన పెద్దనాన్న కొడుకు సంగతి చెప్పాడు. అతను తుమాల్ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానన్నాడని ఇంటివాళ్ళు అప్పు చేసి మరీ విదేశానికి పంపేశారట. ఈ మాట చెబుతున్నప్పుడు వాడి గొంతులో తప్పు చేశామన్న ఛాయ కూడా లేదు.

తుమాల్ అంటే కమ్మరులు. తోలుపని, వేట చేసే మదిబాన్, తాయెత్తులు కట్టే యిబిర్ కూడా ఇదే వరసలో వస్తారు. వీళ్ళందరినీ ఇప్పుడు ఉత్తరాన సోమాలీలాండ్ రాజధాని హర్గేసా వైపు కలిపి గబోయే అంటారు. చూడ్డానికి తేడా ఉండదు, భాష అదే, మతం అదే. ఇస్లాంలో అందరూ సమానమని రోజూ ఐదుసార్లు ఒకే వరసలో నిలబడతారు, పెళ్ళి మాట వస్తే మాత్రం గోడ లేస్తుంది. పాతకాలంలో ఒక్కో కుటుంబం ఒక్కో ఒంటెల తెగ నీడన బతికేది. ఈటె మొన, కత్తి, గొడ్డలి చేసి ఇవ్వాలి, రక్షణ తెగవాళ్ళు చూస్తారు. మన పల్లెల్లో ఆయగాళ్ళకి కళ్ళంలో మేర కొలిచి ఇచ్చినట్టే ఇది కూడా. మా తాత కర్రు కొట్టి ఇవ్వకపోతే దుక్కి లేదు, అయినా మేర కోసం వెళ్ళినప్పుడు కళ్ళం బయటే నిలబడేవాడు. అందుకే ఆ షెడ్డులో నాకు ఏదీ కొత్తగా అనిపించలేదు. సోమాలియాని ఏలిన సైనిక నియంత సియాద్ బర్రే కాలంలో తెగల భేదాలు ఉండకూడదని ప్రభుత్వం ఆదేశించింది. తుమాల్ కుటుంబం నుంచి వచ్చిన మహమ్మద్ అలీ సమతర్ రక్షణ మంత్రి అయ్యాడు, 1987లో ప్రధాని కూడా అయ్యాడు. అయినా పెళ్ళిళ్ళ దగ్గర గోడ కూలలేదు.

చేతిపని అంటేనే అసహ్యం అనేవాళ్ళు సంచారుల ఇల్లు చూడాలి. అఖల్ అనే ఆ గుడారపు ఇంటికి కొమ్మలు వంచి చట్రం కట్టేది ఆడవాళ్ళు, నారతో చాపలు నేసి కప్పేది ఆడవాళ్ళు, వలస వెళ్ళేటప్పుడు విప్పి ఒంటె మీద కట్టేదీ వాళ్ళే. పాలు పోసుకునే కుండల్ని నారతో నీళ్ళు కారనంత దగ్గరగా అల్లుతారు. అది కొలిమి పనికి ఏ మాత్రం తక్కువది కాదు. దాన్ని ఎవరూ నీచం అనలేదు, కొత్త పెళ్ళికూతురి చాపల్ని పొగుడుతారు కూడా. ఎందుకంటే అది సొంత ఇంటికి చేసుకునే పని, ఎవరి ఆర్డరూ కాదు. ఆ ఇంటి మగవాడు నిన్ను పేదవాడు అంటే సహిస్తాడేమో గానీ, నువ్వు ఫలానావాడి పనివాడివి అంటే కత్తి తీస్తాడు.

ఇప్పుడు సముద్రం సంగతి. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఈజిప్టులో ఉన్న ఒక గ్రీకు వ్యాపారి రాసిన ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్ అనే ఓడదారుల పుస్తకంలో ఆ తీరం రేవులు వరసగా ఉన్నాయి. అవలితెస్ అన్నది నేటి జైలా ప్రాంతమని, మలావ్ బెర్బెరా అని, ఒపోనె రాస్ హఫూన్ అని చాలామంది పండితులు అంటారు. అవలితెస్ మనుషులు తెప్పల మీద అవతలి అరేబియా ఒడ్డుకి సుగంధాలు, దంతం, తాబేటి చిప్ప తీసుకెళ్ళేవారని రాశాడు. ఆ తీరానికి రాజు లేడు, ఒక్కో రేవుకి ఒక్కో పెద్ద. గుజరాత్ వైపు నుంచి గోధుమలు, బియ్యం, నెయ్యి, నువ్వుల నూనె, నూలు బట్ట వచ్చేవి. మలావ్‌లో దిగే సరుకుల్లో ఇనుము కూడా ఉంది. అంటే బయటి నుంచి వచ్చిన ఇనుమును కొట్టి ఈటెలు చేసేవాడు ఆ రోజుల్లోనే ఆ ఒడ్డున ఎవరో ఉండి ఉండాలి. నా లెక్కలో తుమాల్ వృత్తి అంత పాతది. ఆ పుస్తకంలోనే మన కృష్ణా తీరం, మసాలియా, సన్న బట్టల నేతకి పేరున్నదని కనిపిస్తుంది. రెండు తీరాల సరుకులూ రాశాడు గానీ, ఆ సరుకు ఏ చేతులు చేశాయో రెండు చోట్లా రాయలేదు.

ఇక్కడ నాకు మండేది ఒకటుంది. ఆన్‌లైన్‌లో సోమాలీ కుర్రాళ్ళు ప్రాచీన నావికుల బొమ్మలు పెట్టి ఛాతీ విరుస్తారు, మనవాళ్ళు మోటుపల్లి పేరు చెప్పి విరుస్తారు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన శాసనం గొప్పదే. తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని పాత రాజులు లాక్కునేవారు, ఆయన సుంకం తప్ప ఏదీ ముట్టనని అభయం ఇచ్చాడు. మరి కోరంగిలో, తాళ్ళరేవులో తరతరాలుగా చెక్క ఓడలు కట్టిన వడ్రంగుల పేర్లు ఎవరికైనా తెలుసా? వాళ్ళ పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారో ఒక్కరైనా అడిగారా? ఓడ వైభవం కావాలి, ఉలి పట్టినవాడు అక్కర్లేదు. ఏజెంటు కుర్రాడి మీద నా కోపం ఎంతో, వీళ్ళ మీదా అంతే.

సోమాలీ తీరంలో బెదెన్ అనే పడవ ఉండేది. పలకల్ని మేకులతో కాకుండా నారతాడుతో కుట్టి బిగించేవారు. ఈశాన్య కొసన 1970ల దాకా కుట్టు పడవలు మిగిలి ఉన్నాయి. మన కోస్తాలో అలల్ని తట్టుకోవడానికి మసూలా పడవల్ని కుట్టేవాళ్ళు కదా, ఆ విద్యే. ఇవి కట్టినవాళ్ళు, నడిపినవాళ్ళు తీరంలో స్థిరపడ్డ కుటుంబాలు. లోపలి ఒంటెలవాళ్ళు రేవుకి దిగేది సాంబ్రాణి, తోళ్ళు, నెయ్యి అమ్మి బియ్యం, బట్ట కొనుక్కోవడానికి. చేపలు తినే నోటితో నాతో మాట్లాడకు అన్నది సంచారుల్లో మామూలు తిట్టని 19వ శతాబ్దంలో అక్కడికి వెళ్ళిన ఇంగ్లీషు యాత్రికుడు రిచర్డ్ బర్టన్ రాశాడు. పడవవాణ్ణి కూడా గొప్పగా చూడలేదన్నమాట.

దక్షిణాన మొగదిషు దారి వేరు. 1331లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడ దిగినప్పుడు తమలపాకులు, వక్కలు పెట్టి మర్యాద చేశారు. నేతిలో వండిన అన్నం, దాని మీద కోడి, మాంసం, చేపల కూరలు, పక్కన ఊరవేసిన నిమ్మ, మిరియం, పచ్చి అల్లం, మామిడి పెట్టారు. ఆ భోజనం చదువుతుంటే నాకు మా ఇంటి విస్తరి కనిపించింది. అక్కడ నేసిన బట్ట ఈజిప్టు దాకా పోయేది. వ్యాపారం మీద బతికే ఊళ్ళో మగ్గానికి విలువ ఉంటుంది. గడ్డి వెతుక్కుంటూ తిరిగేవాడికి మగ్గంతో పనేముంది?

నా మాటకి అన్నిటికన్నా గట్టి రుజువు ఆవిరి ఓడలు. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక సోమాలీలు ఎదురొడ్డున యెమెన్‌లో ఉన్న ఏడెన్ రేవు మీదుగా బ్రిటిష్ ఓడల్లో చేరారు. ఎక్కువమంది చేసింది కొలిమిలో బొగ్గు ఎత్తిపోసే ఫైర్‌మన్ పని. ఇంజను గదిలో బతికినవాణ్ణి, చెబుతున్నాను, ఆ పని ముందు కమ్మరం హాయి. ఊళ్ళో సుత్తి ముట్టని ఒంటెల తెగ బిడ్డ బ్రిటన్‌లోని కార్డిఫ్ రేవు ఓడలో నిప్పుల ముందు పార పట్టాడు. జీతం ఇంటికి పంపాడు, దానితో ఒంటెలు కొన్నారు. పరువు పోలేదు, ఇంకా పెరిగింది. పని ఒకటే, నిప్పూ ఇనుమూ. తేడా ఏమిటంటే ఎవరి కళ్ళ ముందు చేశాడు, చివరికి ఒంటెలు ఎవరి మందలో చేరాయి అన్నదే.

1974-75లో పెద్ద కరువొచ్చి మందలు చచ్చిపోతే ప్రభుత్వం వేలాది సంచార కుటుంబాల్ని సోవియట్ విమానాల్లో దక్షిణాదికి తరలించింది. కొందరికి పొలాలిచ్చింది, కొందరిని బరావె లాంటి తీరపు ఊళ్ళలో దింపి పడవలూ వలలూ ఇచ్చింది. చేపలు తినమని ప్రచారం కూడా చేసింది. పట్టడం నేర్చుకున్నారు, తినడం నేర్చుకున్నారు. వానలు పడి గడ్డి మొలిచాక మగవాళ్ళు చాలామంది భార్యాపిల్లల్ని అక్కడే ఉంచి మందలు కూడగట్టుకోవడానికి వెనక్కి వెళ్ళిపోయారు. చేపలు పట్టడం చేతకాక వెళ్ళారని ఎవరైనా అంటే నమ్మకండి.