ఓడినవారి వైపు నుంచి చూసి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. రాజ్యాంగాన్ని ఇరవై ఏళ్లకోసారి ప్రజల ముందు పెట్టాలి, మెజారిటీ ఎలా కోరితే అలా తిరగరాయాలి అన్నది నీ వాదన. రాతలో వేడి ఉంది, వాక్యం మీద పట్టు ఉంది. అయినా ఇప్పుడే పత్రికకు పంపవద్దంటున్నాను. నీ అభిప్రాయం నచ్చక కాదు, అందులో సగం నా అభిప్రాయం కూడా. అయితే 'ప్రజలు' అన్న మాట నీ వ్యాసంలో ప్రతి పేరాలోనూ ఉంది గానీ, ఓటింగులో ఓడిపోయినవాళ్లు ఒక్కచోట కూడా లేరు. వాళ్లూ ప్రజలే కదమ్మా. ఆ లోటు పూడ్చకుండా ఈ విషయం మీద ఎవరు రాసినా, ఎంత బాగా రాసినా, అది గెలిచినవాళ్ల కరపత్రంగానే మిగులుతుంది.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్‌తో మొదలుపెట్టావు, మంచిదే. 1789 సెప్టెంబరు 6న పారిస్ నుంచి అమెరికా రాజ్యాంగ రూపకర్తల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్‌కు రాసిన ఉత్తరంలో, భూమి బతికున్నవాళ్లదే గానీ పోయినవాళ్లది కాదన్నాడాయన. మరణాల పట్టికలు ముందేసుకుని ఒక తరానికి 19 ఏళ్లని లెక్క తేల్చి, రాజ్యాంగమైనా చట్టమైనా ఆ గడువుకు ముగిసిపోవాలన్నాడు. నువ్వు అక్కడితో ఆగిపోయావు. ఆ ఉత్తరానికి మాడిసన్ 1790 ఫిబ్రవరిలో ఇచ్చిన జవాబు కూడా చదివి ఉండాల్సింది. గడువు దగ్గరపడిన ప్రతిసారీ ప్రభుత్వం మీద నమ్మకం సడలుతుందని, ఆస్తి హక్కులు అయోమయంలో పడతాయని అందులో హెచ్చరించాడు. దానికన్నా లోతైన మాట మరొకటి ఉంది. మెజారిటీ మాటకు మైనారిటీ కట్టుబడాలన్న నియమం ప్రకృతి సిద్ధమైనది కాదని, సౌకర్యం కోసం అందరూ కలిసి చేసుకున్న ఒప్పందం నుంచే అది పుట్టిందని అన్నాడు. అంటే మెజారిటీ అధికారానికి కాళ్లూ చేతులూ ఇచ్చింది ఆ ఒప్పందమే. ఆ ఒప్పందం షరతులను ఒక పక్షమే చెరిపేస్తే, రెండో పక్షం ఆ తీర్పును ఎందుకు మన్నించాలి? నీ వ్యాసం జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది.

జెఫర్సన్ మన రాజ్యాంగ సభలోకీ వచ్చాడు. 1949 నవంబరు 25న అంబేడ్కర్ తన చివరి ప్రసంగంలో ఆయన మాటలనే ఉదహరించారు. రాబోయే తరాల చేతులు కట్టేయడం తమ ఉద్దేశం కాదని, అందుకే సవరణ మార్గాన్ని సులువుగా ఉంచామని చెప్పుకున్నారు. అదే అంబేడ్కర్ అంతకు ఏడాది ముందు, 1948 నవంబరు 4న, ముసాయిదాను సభ ముందు పెడుతూ మైనారిటీల రక్షణలను గట్టిగా సమర్థించారు. ఇక్కడి మెజారిటీ రాజకీయ మెజారిటీ కాదు, మత సమూహపు మెజారిటీ అన్నారు. మైనారిటీల పట్ల వివక్ష చూపకుండా ఉండటం తన ధర్మమని మెజారిటీ గుర్తించాలన్నారు. ఆ రెండు ప్రసంగాలనూ పక్కపక్కన పెట్టుకుని చదువు. మార్పుకు తలుపు తెరిచి ఉంచిన మనిషే, ఆ తలుపులోంచి ఎవరు ఎవరిని తోసేయగలరోనని బెంగపడటం కనిపిస్తుంది. నాకు ఆయన మీద గౌరవం ఎక్కువైంది అక్కడే.

గడువు పెట్టి ప్రజలను అడిగే ఏర్పాటు ఊహ మాత్రమే కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఇరవై ఏళ్లకోసారి ఓటర్లను అడుగుతారు, రాజ్యాంగాన్ని సమీక్షించడానికి ఒక సభను పిలవమంటారా అని. 1977లో, 1997లో, 2017లో వద్దన్నారు. అడగడం మంచి పద్ధతే. కానీ అవసరాన్ని పుట్టించేది క్యాలెండర్ కాదు.

ఇక మన దగ్గర సవరణలకు కరువు ఏముంది? అమల్లోకి వచ్చిన ఏడాదిన్నరలోపే, 1951లో, తొలి సవరణ జరిగింది. మహిళా రిజర్వేషన్లకు సంబంధించిన 2023 నాటి సవరణ 106వది. ఓటు హక్కు వయసు 21 నుంచి 18కి దిగింది సవరణతోనే, పంచాయతీలకు రాజ్యాంగ హోదా వచ్చింది సవరణతోనే. కనుక 'కాలానికి తగ్గట్టు మార్చుకోవడం లేదు' అన్న నీ మూడో పేరా నిలవదు, తీసెయ్యి. మార్చేది ఎవరు, ఏ పద్ధతిలో, మారుస్తున్న పూట కాదనగలిగినవాళ్లు ఎక్కడున్నారు అన్నది అడుగు.

ఒక ఉదాహరణ దగ్గర నుంచి చూపిస్తాను. 1975 జూన్‌లో అలహాబాద్ హైకోర్టు ప్రధానమంత్రి ఇందిరా గాంధీ ఎన్నికను రద్దు చేసింది. అప్పీలు సుప్రీంకోర్టు ముందుండగా, అత్యవసర పరిస్థితి నడుమ, ప్రధాని ఎన్నికను కోర్టుల విచారణకు అందకుండా చేసే 39వ సవరణ వచ్చింది. ఆగస్టు 7న లోక్‌సభ, 8న రాజ్యసభ ఆమోదించాయి. రాష్ట్రాల శాసనసభలు ఆగమేఘాల మీద సమావేశమై ఊఁ అన్నాయి. 10న రాష్ట్రపతి సంతకం పడింది. ఇప్పుడు 368వ అధికరణం తెరిచి చూడు. సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించిన మెజారిటీ, 'హాజరై ఓటు వేసినవారిలో' మూడింట రెండు వంతులకు తగ్గని మెజారిటీ ఉండాలంటుంది. ఆ 'హాజరై' అన్న మాట దగ్గర ఆగు. అప్పుడు ప్రతిపక్ష నాయకులు చాలామంది జైళ్లలో ఉన్నారు. జైల్లో ఉన్నవాడు సభకు హాజరు కాలేడు, అతని 'కాదు' లెక్కలోకి రాదు. అంకెలన్నీ సరిపోయాయి, నియమం అక్షరాలా నెగ్గింది. దేశం మాత్రం ఓడింది. నవంబరులో సుప్రీంకోర్టు ఆ సవరణలోని ఆ భాగాన్ని కొట్టేసింది. కొట్టేయగలగడానికి ఆధారం 1973 ఏప్రిల్ 24 నాటి కేశవానంద భారతి తీర్పు. పార్లమెంటు దేన్నయినా సవరించవచ్చు గానీ రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని చెరపరాదన్నది ఆ తీర్పు సారం. అది పదమూడు మంది న్యాయమూర్తుల్లో ఏడుగురి మాట, ఆరుగురు ఒప్పుకోలేదు. న్యాయస్థానంలోనూ తలలు లెక్కపెట్టక తప్పదు. అందుకే కోర్టునే నమ్ముకుని కూర్చోమని నేను చెప్పను. ఆ కాలపు వికృతాల్లో కొన్నింటిని 1978లో 44వ సవరణ సరిదిద్దింది. జీవించే హక్కును అత్యవసర పరిస్థితిలోనూ నిలిపివేయకుండా కాపాడింది అదే. ఆ సవరణను తెచ్చింది అంతకుముందు ఏడాది ఓటర్లు గెలిపించిన ప్రభుత్వం. మెజారిటీ చేసిన గాయాన్ని కొంతవరకు మాన్పింది కూడా మెజారిటీయే. ఇదీ నీ వ్యాసంలోకి రావాలి.

పొరుగున శ్రీలంకనూ చూడు. మైనారిటీలపై వివక్ష చూపే చట్టాలు చేయకూడదన్న రక్షణ స్వాతంత్ర్యం నాటి రాజ్యాంగంలో, 29వ సెక్షన్‌లో ఉండేది. 1972లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు అది పోయింది, సింహళం అధికార భాషగా రాజ్యాంగంలోకే ఎక్కింది. కొత్తగా రాసుకోవడమంటే ఏదో చేర్చడమే కాదు, ఉన్నది జారిపోవడం కూడా.

అయినా ఈ సంగతి తెలుసుకోవడానికి తెలుగువాళ్లు అంత దూరం వెళ్లనవసరం లేదు. మెజారిటీగా ఉండటం ఎలా ఉంటుందో, మైనారిటీగా మిగలడం ఎలా ఉంటుందో మనకు రెండూ తెలుసు. ఇది రాయకుండా జెఫర్సన్ గురించి రాస్తావేమిటి?

1955లో రాష్ట్రాల పునర్విభజన కోసం కేంద్రం వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగానే ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరుకుంటేనే ఆంధ్రతో కలపమంది. అంటే చిన్న పక్షమే, అదీ గట్టి మెజారిటీతో, ఔననాలి. ఆ షరతు పక్కకు పోయింది. దాని స్థానంలో 1956 ఫిబ్రవరిలో రెండు ప్రాంతాల నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం వచ్చింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలన్నది అందులో ఒక మాట. నవంబరులో ఏర్పడిన తొలి మంత్రివర్గంలోనే ఆ పదవి లేదు. ఎవరు అడగగలరు? ఉమ్మడి రాష్ట్రపు చివరి శాసనసభలో 294 స్థానాలకు తెలంగాణవి 119, అంతకుముందు ఇంకా తక్కువే. ఏ అయిదేళ్లకు ఎన్నికలు వచ్చినా ఈ నిష్పత్తి తిరగబడదు. పార్టీల మధ్య మెజారిటీ మారుతుంది, ఈసారి ఓడినవాడు వచ్చేసారి గెలవచ్చు. ప్రాంతం, భాష, మతం, కులం లెక్కన ఏర్పడిన మెజారిటీ అలా కాదు. ఓడినవాడు ఎప్పటికీ ఓడినవాడే. మెజారిటీ పాలనలోని అసలు లోపం ఇదేనని నా నమ్మకం. 1969లో ఉద్యమం వచ్చింది అందుకే. 1972 అక్టోబరులో, తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అన్నాక అవతలి వైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. చివరికి 1973లో ఆరు సూత్రాల పథకం, 32వ సవరణ, 371డి అధికరణం వచ్చాయి. చిన్న పక్షానికి ఇచ్చిన హామీ శాసనసభ దయ మీద కాక రాజ్యాంగంలో ఉండాలని గుర్తించడానికి పదిహేడేళ్లు, ఎన్నో ప్రాణాలు పట్టాయి.

2014కు వచ్చేసరికి లెక్క తలకిందులైంది. జనవరి 30న రాష్ట్ర శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. కానీ మూడవ అధికరణం ప్రకారం రాష్ట్రపతి శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, దాని సమ్మతి అక్కర్లేదు. రాష్ట్రాన్ని విభజించే చట్టాన్ని 368 కింద సవరణగా భావించరాదని నాలుగవ అధికరణం చెబుతుంది, కనుక పార్లమెంటులో సాధారణ మెజారిటీ సరిపోతుంది. లోక్‌సభలో పెప్పర్ స్ప్రే చల్లిన ఘటన తర్వాత పలువురు సీమాంధ్ర ఎంపీలు సస్పెన్షన్‌లో ఉన్నారు. ఫిబ్రవరి 18న తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సభలో బిల్లు నెగ్గింది. తెలంగాణ ఏర్పడటం న్యాయమేనని నేను నమ్ముతాను. ఆ రోజు గెలిచిన పద్ధతి మాత్రం ఓడినవాళ్లకు మాట దక్కనివ్వలేదని కూడా అంతే గట్టిగా నమ్ముతాను. వరంగల్ పాఠకుడు మొదటి వాక్యానికి తలూపి రెండోదానికి ముఖం చిట్లించవచ్చు. గుంటూరు పాఠకుడు అందుకు సరిగ్గా వ్యతిరేకం చేయవచ్చు. ఇద్దరూ చివరిదాకా చదివేలా రాయడమే నీ పని. ఒకరిని మెప్పించడం తేలిక, దానికి రచయిత అక్కర్లేదు.

రాసే పద్ధతి గురించి కొద్దిగా. 'ప్రజాభీష్టం', 'జాతి సంకల్పం' లాంటి మాట కలం చివరికి వచ్చినప్పుడల్లా ఆగి, ఎంతమందిలో ఎంతమంది అని అడుగు. జవాబు దొరికితే ఆ అంకె రాయి, దొరకకపోతే మాట కొట్టెయ్యి. అధికరణాల గురించి ఇంకొకరు రాసినది చదివి రాయకు. అధికరణమే చదువు, అర పేజీ కూడా ఉండనివి చాలా ఉన్నాయి. రాజ్యాంగ సభ చర్చల్లో మన దుర్గాబాయి, ఎన్.జి. రంగా ఏం మాట్లాడారో చూడు. నిజమైన మైనారిటీలు ఈ దేశపు సామాన్య జనమేనని రంగా వాదించారు. తలల లెక్కలో అందరికంటే ఎక్కువైనవాళ్లు అధికారంలో మైనారిటీ కావచ్చన్న ఆ చూపు నీ వ్యాసానికి చాలా అవసరం.

వ్యాసం తిరగరాసేటప్పుడు జెఫర్సన్‌ను ఒక పేరాకు కుదించి, లోక్‌సభ స్థానాల పునర్విభజన మీదికి రా. రాష్ట్రాలవారీగా స్థానాల సంఖ్యను 1971 జనాభా లెక్కల దగ్గర ఆపింది 42వ సవరణ. ఎమర్జెన్సీ చీకట్లో చేసిన సవరణే అది, అయినా ఈ ఒక్క ఏర్పాటు దక్షిణాదికి రక్షణ అయింది. 84వ సవరణ దాన్ని 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా పొడిగించింది. ఒక మనిషికి ఒకే విలువగల ఓటు అన్న సూత్రం ఒకవైపు, జనాభాను అదుపు చేసుకున్న రాష్ట్రాలు అందుకు సభలో బరువు కోల్పోవాలా అన్న ప్రశ్న మరోవైపు. రెండూ న్యాయమైనవే. 543 స్థానాల్లో ఆంధ్రప్రదేశ్‌వి 25, తెలంగాణవి 17. 1956లో, 2014లో ఎదురెదురుగా నిలబడిన వాళ్లు ఈ లెక్కలో ఒకే వైపున, తక్కువ సంఖ్య వైపున ఉన్నారు. ఉత్తరప్రదేశ్ పల్లెలో ఉన్న ఓటరు తన ఓటు విలువ ఎందుకు తగ్గాలని అడిగితే నీ దగ్గర జవాబు ఉండాలి. ఆ జవాబు కోసం తడుముకుంటూ రాసిన ప్రతి, చిత్తు ప్రతి అయినా సరే, నాకు పంపించు.

ఆశీస్సులతో.