రిఫ్ట్‌బౌండ్ ఆడాలంటే వీడియోగేమ్ తెలిసి ఉండాలా?

ప్రశ్న: మా అబ్బాయి కొన్నేళ్లుగా కంప్యూటర్‌లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆడుతున్నాడు. ఇప్పుడు అదే ఆట ఆధారంగా రిఫ్ట్‌బౌండ్ అనే కార్డుల ఆట వచ్చిందని, తనతో కలిసి నన్నూ ఆడమని పట్టుబడుతున్నాడు. నాకు ఆ వీడియోగేమ్ గురించి ఏమీ తెలియదు. నేర్చుకోగలనా? లేక ఇది పాత ఆటకే కొత్త బొమ్మలు అతికించి అమ్ముతున్న సరుకా?

జవాబు: తప్పకుండా నేర్చుకోగలరు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌ను 2009లో విడుదల చేసిన రయట్ గేమ్స్ సంస్థే ఈ కార్డుల ఆటనూ రూపొందించింది. 2025లో ఇది ముందుగా చైనాలో, అక్టోబరు చివర ఆంగ్లంలో వెలువడింది. తొలి సెట్ (అంటే ఒక విడతగా వెలువడే కార్డుల సముదాయం) పేరు ఆరిజిన్స్. పాత్రల పూర్వకథలు తెలిసినవారికి కార్డు మీది బొమ్మ చూడగానే కలిగే సరదా మీకు మొదట్లో కలగకపోవచ్చు. అయితే ఆడటానికి కావలసిన వివరమంతా కార్డు మీదే ముద్రించి ఉంటుంది కనుక, గెలుపోటముల విషయంలో వీడియోగేమ్ అనుభవం మీ అబ్బాయికి పెద్దగా అక్కరకు రాదు.

మీ రెండో అనుమానం మాత్రం సమంజసమైనదే. ఈ తరహా ఆటలకు మూలపురుషుడైన మ్యాజిక్: ద గ్యాదరింగ్ 1993లో వచ్చినప్పటి నుంచి, ప్రత్యర్థికి ఉన్న 20 ప్రాణాలను సున్నాకు దించడమే లక్ష్యమన్న పద్ధతిని అనుసరించిన ఆటలు అనేకం ఉన్నాయి. రిఫ్ట్‌బౌండ్‌లో ప్రాణాల లెక్కే లేదు. ఇద్దరు ఆడేటప్పుడు ఒక్కొక్కరు తెచ్చుకున్న మూడేసి బాటిల్‌ఫీల్డ్ కార్డులలో, అంటే పోరు జరిగే స్థలాలను సూచించే కార్డులలో, ఒక్కొక్కటి చొప్పున మొత్తం రెండు కార్డులు బల్ల మధ్యకు వస్తాయి. బాటిల్‌ఫీల్డ్‌ను స్వాధీనం చేసుకుంటే ఒక పాయింట్, మళ్లీ మీ వంతు మొదలయ్యే దాకా దాన్ని నిలబెట్టుకుంటే ఇంకో పాయింట్. ముందుగా 8 పాయింట్లు చేరినవారిది గెలుపు. మూలమైన వీడియోగేమ్‌లోనూ శత్రువును చంపినంత మాత్రాన గెలుపు రాదు, మైదానం మీద పట్టు సాధించడమూ ముఖ్యం కాబట్టి, ఆ ఆటలోని ఆయువుపట్టును కార్డులలోకి సరిగానే తెచ్చారని నేను భావిస్తున్నాను.

ఒక చిన్న సందర్భం చూడండి. ఒక బాటిల్‌ఫీల్డ్‌లో ప్రత్యర్థి యూనిట్, అంటే పోరాడే పాత్ర కార్డు, 4 బలంతో కూర్చుని ఉంది. మీ దగ్గర 3 బలం ఉన్నది ఒకటి, 2 బలం ఉన్నది ఒకటి ఉన్నాయి. ఏ ఒక్కదాన్ని పంపినా అది దండగ. రెండింటినీ కలిపి పంపితే మీ 5 బలం ముందు ఆ యూనిట్ నిలవదు, దాని 4 దెబ్బలు మీ రెండింటినీ పడగొట్టడానికి చాలవు. ఒకటి పోయినా ఒకటి మిగిలి, స్థలం మీదవుతుంది, పాయింటూ వస్తుంది. కాని కొత్తగా దించిన యూనిట్ మామూలుగా అలసిన స్థితిలో, అంటే అడ్డంగా తిప్పి, మీ బేస్‌లోనే, అంటే మీ సొంత స్థావరంలోనే, ఉంటుంది గనుక, ఈ దాడికి ఒక వంతు ముందే ఏర్పాట్లు చేసుకోవాలి. మీ ఏర్పాట్లను ప్రత్యర్థి కళ్లారా చూస్తుంటాడు కూడా.

కార్డును ఆడటానికి ఆటలోనే చెల్లించవలసిన ఖర్చు సంగతి మరీ ఆసక్తికరం. పోకెమాన్ కార్డుల ఆటలో దాడులకు కావలసిన ఎనర్జీ కార్డులు కూడా ఆ 60 కార్డుల కట్టలోనే కలిసి ఉంటాయి కాబట్టి, చేతి నిండా పోకెమాన్‌లు ఉండి ఎనర్జీ ఒక్కటీ రాని దుస్థితి ఎదురవుతుంది. రిఫ్ట్‌బౌండ్‌లో 40 కార్డుల ప్రధాన కట్టకు వేరుగా, ఈ ఖర్చు చెల్లించడానికి వాడే రూన్ అనే కార్డులు 12 ఉన్న కట్ట ఉండి, వంతుకు రెండు రూన్‌లు ఖాయంగా అందుతాయి. రూన్‌ను అడ్డంగా తిప్పి వాడుకుంటే తర్వాతి వంతుకు మళ్లీ పనికొస్తుంది. కొన్ని శక్తిమంతమైన కార్డులకు మాత్రం రూన్‌ను దాని కట్ట అడుగుకు తిరిగి పంపవలసి ఉంటుంది, అంటే ఇప్పటి అవసరానికి రేపటి రాబడిని తాకట్టు పెట్టడమే. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

మరొక నియమాన్ని ముందే గుర్తుంచుకోండి: స్వాధీనం చేసుకోవడం ద్వారా ఆఖరి పాయింట్ పొందాలంటే ఆ వంతులో అన్ని బాటిల్‌ఫీల్డ్‌లలోనూ పాయింట్ సాధించి ఉండాలి, లేకపోతే పాయింట్‌కు బదులు ఒక కార్డు మాత్రమే వస్తుంది. 7 దగ్గర ఉన్నవారు తొందరపడి గెలిచేశామనుకోవడం సాధారణమే.

ప్రశ్న: మొదట బూస్టర్ ప్యాక్‌లు (కలగలుపు కార్డుల చిన్న పొట్లాలు) కొనాలా, సిద్ధంగా కట్టిన కట్ట కొనాలా?

జవాబు: సిద్ధమైన కట్టే కొనండి. ప్యాక్‌లో ఏ కార్డులు వస్తాయో విప్పేదాకా తెలియదు. పైగా ప్రతి లెజెండ్‌కూ, అంటే కట్టకు నాయకత్వం వహించే పాత్రకూ, కార్డులకున్న ఆరు రంగులలో రెండే చెల్లుతాయి కనుక, వచ్చినవాటిలో చాలా భాగం మీ కట్టకు పనికిరావు. ప్రూవింగ్ గ్రౌండ్స్ అనే పెట్టెలో యానీ, గారెన్, లక్స్, మాస్టర్ యీ పాత్రల నాలుగు కట్టలు ఉంటాయి, నేర్చుకోవడానికి అదే చాలు. జింక్స్, విక్టర్, లీ సిన్‌లలో ఎవరైనా నచ్చితే వారి పేరిట విడిగా కట్టలు ఉన్నాయి. ఒకే కార్డును మూడుకు మించి పెట్టకూడదన్న నియమం ఉండటం వల్ల, కట్టను మార్చుకోదలచినప్పుడు కావలసిన కార్డును విడిగా కొనడమే అదృష్టాన్ని నమ్ముకోవడం కంటే చవక.

ప్రశ్న: వీడియోగేమ్‌ల నుంచి పుట్టిన కార్డుల ఆటలు నాలుగు రోజులు ఆర్భాటం చేసి మాయమవుతాయంటారు. నిజమేనా?

జవాబు: అన్నీ కాదు. పోకెమాన్ వీడియోగేమ్, దాని కార్డులు రెండూ 1996లో జపాన్‌లో మొదలయ్యాయి. ఆ కార్డులు నేటికీ వస్తూనే ఉన్నాయి. 2006లో ప్రారంభమైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ కార్డుల ఆట 2013లో ఆగిపోయింది. అందులో కొన్ని అరుదైన కార్డులను గీకితే ఒక కోడ్ బయటపడేది, దానితో వీడియోగేమ్‌లో వాహనమో మరో వస్తువో దక్కేది. బల్ల మీద ఆడటానికి కాక కోడ్ కోసం కొనే కార్డు ఆ ఆటకు మేలు చేయదని నా అభిప్రాయం. రిఫ్ట్‌బౌండ్ వయసు ఇంకా చిన్నది, జోస్యం చెప్పడం తొందరపాటు.

ప్రశ్న: ఇద్దరికి మించి ఆడవచ్చా?

జవాబు: ఆడవచ్చు. ముగ్గురు లేదా నలుగురు ఎవరికి వారుగా పోటీపడవచ్చు, లేదా ఇద్దరిద్దరు జట్టుగా కూడి ఆడవచ్చు. జట్ల ఆటలో గెలుపుకు 11 పాయింట్లు కావాలి. నలుగురితో ఆట సాగడానికి సమయం ఎక్కువ పడుతుంది గనుక, నియమాలు చేతికి వచ్చేదాకా మీ అబ్బాయితో ఇద్దరే ఆడటం మంచిది.