రేవులో ఆగిన అంబాసిడర్

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. తాతగారి తెల్ల అంబాసిడర్ వీధిలోకి వస్తుంటే పిల్లలంతా వెనకాల పరిగెత్తడం కళ్లకి కట్టింది. కానీ 1960ల చివర్లో ఆయన షోరూమ్‌కి వెళ్లి వారంలో కారు తెచ్చేశారన్నావు. అక్కడ నాకు కథ మీద నమ్మకం సడలింది.

అప్పట్లో ముందే డబ్బు కట్టి బుక్ చేసుకోవాలి. ఏటా ఎన్ని కార్లు చెయ్యొచ్చో కంపెనీకిచ్చిన లైసెన్సులోనే ఉండేది. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో తయారైన బండి మన గోదావరి గట్టు చేరేసరికి ఏళ్లు పట్టేది. ఇంకోటి, నీ కథలో డ్రైవరు సీటు పక్కనున్న గేరు మార్చాడు. ఆనాటి అంబాసిడర్‌కి గేరు స్టీరింగ్ కిందే. అందుకే ముందు సీటు బల్లలా ఒకటే ఉండేది, ముగ్గురు సర్దుకునేవారు. పెళ్లివారైతే నలుగురు. ఎవరి ఒళ్లో ఎవరు కూర్చున్నారో రాస్తే అదే ఒక సీను.

అసలు సంగతి, ఎదురుచూసిన ఆ ఏళ్లని నువ్వు వదిలేశావు. మా బాబాయి కారు బుక్ చేశాక ఇంట్లో ప్రతి లెక్కా ధాన్యం బస్తాల్లోనే నడిచింది. సార్వా, అంటే వానాకాలం పంట, తిండికీ ఎరువులకీ. దాళ్వా, అంటే రెండో పంట, మిల్లుకి వెళ్తేనే కారు డబ్బు. కాలవకి నీళ్లు ఆలస్యమైతే ఆయనకి అన్నం సహించేది కాదు. పిన్ని రెండు సంక్రాంతులు పట్టుచీర మాటెత్తలేదు. తీరా కారొచ్చాక పెట్రోలు మండిపోతోందని దాన్ని పాకలో పెట్టి, ఆయన సైకిలు మీదే చేలోకి వెళ్లేవాడు.

ఊళ్లో ఎవరికైనా పురిటినొప్పులొస్తే మాత్రం అర్ధరాత్రయినా బండి తీసేవాడు. సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే గోదావరి దాటించే బల్లకట్టు, ఎక్కించాలి. సముద్రం పాటు వేళ నీళ్లు తీసేస్తే పంటుకీ గట్టుకీ మధ్య చెక్కలు బాగా ఏటవాలుగా నిలిచేవి. మగవాళ్లు భుజాలు ఆనించి బండిని నెట్టేవారు. అవతల నరసాపురం ఆసుపత్రి. పెట్రోలు పోయించలేనివాళ్లు మర్నాడు అరటిగెల తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లిపోయేవారు. ఎందుకని ఎవరూ అనేవారు కాదు. పిన్ని వద్దనేది కాదు, వద్దంటే వాళ్లు నొచ్చుకుంటారని. ఇన్నేళ్లకీ నాకు ఆ బండి రంగుకన్నా ఆ గెలలే గుర్తు. నీ కథలో అలాంటి గెల ఒక్కటీ లేదు, అదే నా బాధ.

మీ అమ్మమ్మ ఉన్నారన్నావు కదా. కారు ఎంత పడిందని అడిగితే ఏదో అంకె చెప్పి ఊరుకుంటారు. ఆ ఏళ్లలో ఏం కొనుక్కోలేకపోయారో అడుగు. ఆవిడ మాట ఆవిడ నోట వచ్చినట్టే రాసుకో. ఫోన్ ఎదురుగా పెట్టకు, ఆవిడ తడబడతారు. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ విను.

దాళ్వా ఊడ్పుల్లోగా మళ్లీ రాసి పంపు.

మీ మావయ్య