మొదటి ఆటల వెనక్కి తిప్పకు

బిడ్డా,

దసరా సెలవులకు 'డెట్రాయిట్: బికమ్ హ్యూమన్' ఆడుత అన్నవు. మంచి గేమే పట్టుకున్నవు, నువ్వు చేసే ఎంపికలను బట్టి కథ మారే గేమ్ అది. కానీ ముందు లాప్‌టాప్ సంగతి తేల్చుకో. గేమ్ 55 జీబీ ఉంటది. కనీసం 8 జీబీ ర్యామ్, 3 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు కావాలె. 12 జీబీ ర్యామ్ ఉంటే నిమ్మళం. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకు 2 జీబీ చొప్పున దింపుకుంటే నెల పడ్తది, సెలవులు ఎప్పుడో అయిపోతయి. హన్మకొండల ఫైబర్ ఉన్న ఇంటికి పోయి దింపుకో. దోస్తు లాప్‌టాప్‌ల స్టీమ్‌ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణం మీద ఈ గేమ్ ఇప్పటికే ఉంటే ఇంకా సులువు. రెండు లాప్‌టాప్‌లు ఒకే వైఫై మీద పెట్టి, స్టీమ్ సెట్టింగులల్ల డౌన్‌లోడ్స్ కింద లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఆన్ చేసుకుంటే ఫైళ్లు ఆడికెంచే వస్తయి. కొనుడు మాత్రం ఎవరి ఖాతాల వాళ్లు కొనుక్కోవాల్సిందే.

కొనకముందే డెమో ఆడు. మొదటి అధ్యాయం 'ది హోస్టేజ్' అండ్ల ఉచితంగ ఉంటది. కొన్నంక సరిగ నడవకపోతే, కొన్న 14 రోజుల లోపు, ఆడిన టైం 2 గంటలు దాటకుంటే స్టీమ్ పైసలు వాపస్ ఇస్తది. తిరకాసు ఏందంటే, ఈ గేమ్ మొదటిసారి తెరవంగనే షేడర్లు (తెరమీద బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) తయారు చేసుకుంటది. పాత లాప్‌టాప్‌ల అది శానాసేపు నడుస్తది, ఆ టైం గూడ ఆ 2 గంటలల్లనే కలుస్తది. అయినా అది అయ్యేదాక ఆగు. ఆగకుంట ఆట మొదలుపెడితే బొమ్మ తట్టుకుంట తట్టుకుంట నడుస్తది. గేమే పాడైందనుకొని తీసేస్తరు కొందరు.

కంట్రోలర్ ఉంటే దాంతోనే ఆడు. ఉరుకుడు, కొట్లాట వచ్చినప్పుడు తెరమీద కనవడ్డ బటన్ కనవడ్డట్టే నొక్కాలె. కీబోర్డు, మౌస్ మీద అది వేళ్లకు అందదు. మొదట్ల అడిగే రెండు స్థాయిలల్ల 'క్యాజువల్' పెట్టుకో. 'ఎక్స్‌పీరియన్స్‌డ్' ల బటన్లు కష్టం, మనుషులు తొందరగ చచ్చిపోతరు. చెయ్యి జారినందుకు కథ మారుడు వేరు, నువ్వు తీసుకున్న నిర్ణయానికి కథ మారుడు వేరు. తెలుగు లేదు కాబట్టి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ తప్పకుంట ఆన్ చేసుకో.

ఇగ అసలు సంగతి. ఇసొంటి గేమ్‌లల్ల ఎంపిక అంటే చివరికి వచ్చే నాలుగు బటన్లే అనుకుంటరు అందరు. ఆ బటన్లల్ల ఏం వస్తయో ముందుగాల నువ్వు ఏం వెతికినవో దాన్ని బట్టి ఉంటది. 'ది హోస్టేజ్' నే చూడు. డాబా మీద ఒక ఆండ్రాయిడ్, అంటే మనిషి తీరు ఉండే రోబో, చిన్నపిల్లను పట్టుకొని నిలవడి ఉంటది. నువ్వు కానర్‌వి, పోలీసులకు సాయం చేసే ఇంకో ఆండ్రాయిడ్‌వి. తలుపు తీసుకొని సీదా డాబా మీదికి పోవచ్చు, ఎవ్వరు ఆపరు. కానీ ముందు పిల్ల గదికి పోయి టాబ్లెట్‌ల వీడియో చూస్తే ఆ ఆండ్రాయిడ్ పేరు డేనియల్ అని తెలుస్తది. బయటికి పోంగనే పేరుపెట్టి పిలుస్తవు, మాటనే వేరేతీరు మొదలైతది. తండ్రి టాబ్లెట్ చూస్తే అది ఎందుకు తిరగబడ్డదో తెలుస్తది, ఆ మాట అడిగే వీలు దొరుకుతది. ఒక్కొక్కటి దొరికినాకొద్ది తెరమీద గెలిచే శాతం పెరుగుకుంట పోతది. పోలీసాయన శవం కాడ తుపాకీ ఎటు పడ్డదో గూడ చూడు. తీసుకునుడు, తీసుకోకపోవుడు నీ ఇష్టం. తీసుకున్నవా, నీ చేతుల ఆయుధం ఉన్నదా అని డేనియల్ అడుగుతడు, అప్పుడు అబద్ధమా నిజమా అన్నది ఇంకో ఎంపిక. డాబా మీద మాట్లాడుకుంటనే ఒక్కొక్క అడుగు దగ్గరికి జరుగు. ఉరికినవో, చెడిపోతది.

తర్వాత కారా అనే ఇంకో ఆండ్రాయిడ్ ఇంటిపని చేసే అధ్యాయం వస్తది, ఆడ నువ్వు కారావి. గిన్నెలు కడుగుడు, బట్టలు సదురుడు విసుగనిపిస్తది. ఆడ తొందరవడకు, సొరుగులు గూడ తీసి చూడు. తర్వాత వచ్చే 'స్టార్మీ నైట్' ల దాని లెక్క తేలుతది. అంతకంటే ఎక్కువ చెప్పను. అయితే అండ్ల తండ్రి పిల్లను కొడతడు. తమ్ముడు పక్కన కూసున్నప్పుడు ఆ అధ్యాయం ఆడకు.

మాటల ఎంపిక కాడ ఒక్కటే పదం కనవడ్తది, టైం గూడ తరుగుకుంట పోతది. ఆ పదం నువ్వు అనుకున్న మాటనే కాకపోవచ్చు. మెత్తగ ఉన్నదా, గట్టిగ ఉన్నదా అని చూసి నొక్కు. ఏం నొక్కకుంటే ఆట నీ కోసం ఆగదు. ఎవలతోని సంబంధం పెరిగిందో తగ్గిందో బాణం గుర్తు చూపెడ్తది. అందరి బాణాలు మీదికి పోవాల్నని ఆడితే కథ చప్పగైతది.

సేవ్ అదే చేసుకుంటది, నీ చేతుల లేదు. మూలకు సేవ్ గుర్తు తిరిగేటప్పుడు లాప్‌టాప్ ఆపకు. కరెంటు పోయే పొద్దు అయితే బ్యాటరీ చూసుకొని కూసో.

అధ్యాయం అయినంక ఫ్లోచార్ట్ వస్తది. నువ్వు పోయిన తొవ్వ, పోని తొవ్వలకు తాళాలు. మొత్తం 32 అధ్యాయాలు, సుమారు 10–12 గంటల ఆట. మొదటిసారి ఒక్కటి గూడ వెనక్కి తిప్పకుంట, అంటే అయిపోయిన అధ్యాయం మళ్ల ఆడకుంట, ముందుకు పో. కానర్ చచ్చిపోయినా కంగారు పడకు. అసొంటిదే ఇంకొకటి వస్తది, కానీ కానర్‌తోని పనిచేసే పోలీసాయన హ్యాంక్ దాన్ని మునుపటి తీరు చూడడు. కారాకు ఆ వెసులుబాటు లేదు. వెనక్కి తిప్పుడు అలవాటైతే అందరు బతికిన ఒక్క కథనే మిగుల్తది, మిగిలినయి తాళాల కిందనే ఉంటయి. రెండోసారి ఆడేటప్పుడు ఒక్క అధ్యాయం మార్చి ఊకోకు, ఆడికెంచి వరుసగ ముందుకు పో. అప్పుడే మార్పు తర్వాతి అధ్యాయాలకు ఎక్కుతది.

డెమోనే మొరాయిస్తే 'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్' పట్టుకో. 2015ల వచ్చిన ఐదు ఎపిసోడ్ల కథ. మొదటి ఎపిసోడ్ ఉచితం, తక్కువ లాప్‌టాప్‌ల గూడ నడుస్తది. అండ్ల కాలాన్ని వెనక్కి తిప్పుడే ఆట కాబట్టి, రెండు జవాబులు విని నచ్చింది ఉంచుకో. ఆ జాగ దాటిపోయినంక మాత్రం మార్చరాదు. ఎడమ మూలకు సీతాకోకచిలుక గుర్తు మెరిస్తే ఆడనే ఆగి ఆలోచించుకో. గదిల మొక్కకు నీళ్లు పోసుడు గూడ మరువకు.

డెమో ఆడినంక ఫ్లోచార్ట్ ఫొటో తీసి పంపు. ఏ తొవ్వ తప్పిందో చూసి చెప్త.

మీ మామ,
కాజీపేట