సంక్షోభాల సినిమాల్లో కనిపించే బ్యాంకర్లు నిజంగా అలాగే ఉంటారా?

చాలా సినిమాల్లో బ్యాంకరంటే అత్యాశపరుడే. 2008 ఆర్థిక సంక్షోభం నాటికి నేను న్యూజెర్సీలో ఉంటూ ఒక పెద్ద బ్యాంకులో, నష్టం వచ్చే అవకాశాన్ని లెక్కగట్టే రిస్క్ విభాగంలో కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి. అక్కడ చూసిన మనుషులు నాకు మళ్ళీ కనిపించింది ఆ సంక్షోభం మీద 2011లో వచ్చిన ‘మార్జిన్ కాల్’ సినిమాలోనే. దర్శకుడు జె.సి. చాండర్ తండ్రి మెరిల్ లించ్ అనే పెద్ద పెట్టుబడుల సంస్థలో ఏళ్ల తరబడి పనిచేసినవాడు. ఆ ఇంటి అనుభవం సినిమాలో తెలుస్తుంది.

అందులో రిస్క్ లెక్కలు చూసే ఎరిక్ డేల్‌ను ఉద్యోగంలోంచి తీసేస్తారు. అట్టపెట్టెతో రోడ్డు మీదికొచ్చేసరికే ఫోన్ కట్. సగంలో ఆగిన లెక్కను పెన్‌డ్రైవ్‌లో ఒక కుర్రాడికిచ్చి జాగ్రత్త అంటాడు. కుర్రాడు ఆ రాత్రి లెక్క పూర్తిచేస్తే, తనఖా బాండ్ల (జనం తీసుకున్న ఇంటి అప్పుల్ని కట్టగట్టి అమ్మే బాండ్లు) మీద రాబోయే నష్టం కంపెనీ మొత్తం విలువనే మించిపోతుందని తేలుతుంది.

అది చూస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. బ్యాంకులో రాత్రిపూట కంప్యూటర్లు లెక్కలన్నీ వేసే బ్యాచ్ అయ్యాక రిపోర్టు సరిచూడటం నా పని. 2008 వేసవిలో కొన్ని బాండ్ల ధర రోజుల తరబడి ఒక్క సెంటు కూడా కదల్లేదు. కొనే నాథుడు లేడు, అమ్మకం జరగలేదు కాబట్టి సిస్టమ్ నిన్నటి ధరనే ఇవాళ్టికీ వేసేస్తోంది. రిపోర్టులో మాత్రం అంతా బాగున్నట్టే! మేనేజర్‌కి చెప్తే, “అది ధరలు పంపే టీమ్ చూసుకోవాలి” అన్నాడు. మోసగాడేం కాదు, మంచి మనిషి. నేనూ సిస్టమ్‌లో ఫిర్యాదు టికెట్ వేసి ఊరుకున్నాను. మళ్ళీ అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

‘ది బిగ్ షార్ట్’ (2015) తనఖా బాండ్ల సంగతి మా ఆవిడకు కూడా అర్థమయ్యేలా చెప్పింది. కానీ అందులో బ్యాంకుల్లో పనిచేసేవాళ్లు చాలావరకు తెలివితక్కువవాళ్లో మోసగాళ్లో. మా మేనేజర్ లాంటివాడు ఆ కథలో ఇమడడు.

2008 సెప్టెంబర్ 15న లీమన్ బ్రదర్స్ అనే పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాత కొద్ది రోజులకే నా పక్క సీటు అన్నయ్య బ్యాడ్జ్ పొద్దున్నే గేటు దగ్గర పనిచేయలేదు. ఆయన డెస్క్ మీది వేంకటేశ్వరస్వామి పటం నేనే కిందికి తెచ్చిచ్చాను. “పాప స్కూలు మధ్యలో ఉంది తమ్ముడూ” అన్నారు. హెచ్-1బీ వీసా మీదున్నవాళ్లకు ఉద్యోగం పోతే, వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి ఇప్పుడున్న 60 రోజుల గడువు అప్పట్లో లేదు. ఆయనలాంటివాళ్లు నేను చూసిన ఏ సినిమాలోనూ లేరు.

‘మార్జిన్ కాల్’ చూస్తే లిఫ్టు సీన్ మాత్రం వదలకండి. ఇద్దరు పెద్ద ఉద్యోగులు కంపెనీ మునిగిపోయే సంగతి మాట్లాడుకుంటుంటే, మధ్యలో క్లీనింగ్ చేసే ఆవిడ నిలబడి ఉంటుంది. ఆమె అక్కడ ఉందన్న ధ్యాసే వాళ్లకు ఉండదు.