ఎన్‌క్లెక్స్ రాయబోతున్న మా బుజ్జికి

బుజ్జీ,

అమెరికాలో నర్సుగా చెయ్యడానికి రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షకి నీకు ఏటీటీ, అంటే పరీక్ష రాయడానికి అనుమతి పత్రం, వచ్చిందనీ, హైదరాబాద్ సెంటర్లోనే డేట్ దొరికిందనీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది తల్లీ. ఈ పూటకి పుస్తకాలు పక్కన పెట్టి ఒక పని చెయ్యి. పాస్‌పోర్టూ ఏటీటీ ఎదురుగా పెట్టుకుని నీ పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువు. మన ఇంటిపేర్లతో తంటా ఇదే. సర్టిఫికెట్‌లో ఇనీషియల్ ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఒక్కోచోట ముందుది వెనక్కి పోతుంది. అక్కడ చెల్లేది పాస్‌పోర్టు ఒక్కటే, ఆధార్ చూపించి బతిమాలినా లాభం లేదు. నాతో చదివిన పిల్ల ఒకతి గుమ్మం దాకా వెళ్లి పేరు కలవలేదని వెనక్కొచ్చింది. కట్టిన ఫీజు పోయింది. ఆ రోజు ఆటోలో నా పక్కన కూర్చుని ఆమె ఏడ్చిన ఏడుపు ఇంకా మర్చిపోలేదు. తేడా కనిపిస్తే ఇవాళే మెయిల్ పెట్టు.

పరీక్షకి అరగంట ముందే సెంటర్లో ఉండాలి. ఫొటో తీస్తారు, సంతకం పెట్టిస్తారు, అరచేతిని చిన్న పరికరం మీద ఆనించమంటారు. అది చేతిలోని రక్తనాళాల అల్లికను చదువుతుంది. బయటికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ మళ్లీ ఆనించాలి. జేబులు చూస్తారు, కళ్లజోడు కూడా తీసి చూస్తారు. దొంగని చూసినట్టు చూస్తున్నారని మనసు కష్టపెట్టుకోకు, అందరికీ అంతే. లోపల ఏసీ చలి ఎక్కువ, నిండు చేతుల డ్రెస్ వేసుకో.

ఇక అసలు సంగతి. ఈ కంప్యూటర్ అందరికీ ఒకే పేపర్ ఇవ్వదు. నువ్వు సరిగ్గా చేస్తే తర్వాతది ఇంకాస్త కష్టమైనది ఇస్తుంది, తప్పు చేస్తే తేలికైనది. అందుకే బాగా రాసేవాళ్లకి కూడా సగం ప్రశ్నలు తెలియనట్టే ఉంటాయి. తక్కువలో తక్కువ 85, ఎక్కువలో ఎక్కువ 150 ప్రశ్నలు, మొత్తం ఐదు గంటలు. నువ్వు పాసవుతావో లేదో 95 శాతం నమ్మకం కుదిరేదాకా అది అడుగుతూనే ఉంటుంది. నేను రాసినప్పుడు కనీసం 75, పై హద్దు కూడా ఇప్పటికంటే ఎక్కువే. 76వ ప్రశ్న తెర మీదకి రాగానే ఇక అయిపోయింది అనుకున్నాను. కాళ్లూ చేతులూ ఆడలేదు, తర్వాతి నాలుగైదు ప్రశ్నలు చదవకుండానే నొక్కేశాను. నాది 200 దాటాకే ఆగింది, పాసయ్యాను కూడా. నీది 85 దాటితే అర్థం ఒక్కటే: ఇంకా తేలలేదు, అవకాశం నీ చేతిలోనే ఉంది. అప్పుడు ఇంకా నిదానంగా చదువు. వెనక్కి వెళ్లి దిద్దుకోవడం కుదరదు కాబట్టి, పోయిన ప్రశ్న పోయినట్టే.

మనవాళ్లు ఎక్కువ దెబ్బతినేది మరో చోట. మన వార్డుల్లో ఏం జరిగినా ముందు డ్యూటీ డాక్టరుగారికి ఫోన్ చేస్తాం, అలవాటైపోయింది. ఈ పరీక్ష అడిగేది ‘నర్సుగా నువ్వేం చూశావు?’ అని. ఆపరేషన్ అయ్యి వచ్చిన పేషెంట్ ఉన్నట్టుండి కంగారుపడుతూ మంచం మీద కుదురుగా ఉండట్లేదు అనుకో. డాక్టరుకి చెప్పడం, నిద్రమందు ఇవ్వడం, ఆక్సిజన్ శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూడడం అని జవాబులు ఉంటాయి. ముందు శాచురేషన్ చూడాలి, ఎందుకంటే ఆ కంగారు ఆక్సిజన్ తగ్గుతోందనడానికి గుర్తు కావచ్చు. అలాగని ప్రాణం మీదకి వచ్చిన లక్షణాలన్నీ ప్రశ్నలోనే ఇచ్చేస్తే ఇంకా చూస్తూ కూర్చోకు, చేయాల్సింది చెయ్యి.

కేస్ స్టడీలు, అంటే ఒకే పేషెంట్ కథ మీద వరసగా అడిగే ప్రశ్నలు, మూడు తప్పనిసరిగా వస్తాయి, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు. ఎడమపక్క నర్సుల నోట్స్, వైటల్స్ (బీపీ, నాడి లాంటివి), ల్యాబ్ రిపోర్టులు ట్యాబుల్లో ఉంటాయి. ప్రశ్న ప్రశ్నకీ కొత్త నోట్ చేరుతుంటుంది, ప్రతి ట్యాబూ తెరిచి చూడు. వర్తించేవన్నీ ఎంచుకోమన్నప్పుడు అనుమానం మీద టిక్ పెట్టకు. తప్పు టిక్ ఒక మార్కు తీసేస్తుంది, సున్నా కిందకి మాత్రం పోదు.

రెండు గంటల తర్వాత బ్రేక్ ఇస్తారు. ఆ టైమూ ఐదు గంటల్లోనే లెక్క, అయినా లేచి మంచినీళ్లు తాగి రా. ఫలితం అమెరికాలోని నీ స్టేట్ నర్సింగ్ బోర్డు పంపేదాకా ఆరు వారాలైనా పట్టొచ్చు.

బయటికి రాగానే నాకు ఫోన్ చెయ్యి. ఆ వారం నాకు నైట్ డ్యూటీ, మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ