బర్న్ ఆఫ్టర్ రీడింగ్: రహస్యమే లేని గూఢచర్యం

కోయెన్ సోదరులు జోయెల్, ఈథన్ 2008లో తీసిన అమెరికన్ చిత్రం 'బర్న్ ఆఫ్టర్ రీడింగ్' గురించి గత సంచికలో ప్రస్తావించిన తరువాత పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. కథను చివరిదాకా చర్చించక తప్పలేదు కనుక, చిత్రం చూడదలచినవారు ముందు దానిని చూసి తరువాత ఈ పేజీ చదవడం మంచిది.

ప్రశ్న: హాయిగా నవ్వుకోవచ్చని కూర్చుంటే, ఉన్నవాళ్ళలో అందరికంటే అమాయకుడైన బ్రాడ్ పిట్‌ను సినిమా మధ్యలోనే కాల్చి చంపేశారు. దీనిని హాస్య చిత్రమని ఎలా అంటారు? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ కోపం న్యాయమైనదే. అయితే ఆ తుపాకీ పేలేలోపు ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో బాల్కన్ దేశాల వ్యవహారాలు చూసే ఆస్బర్న్ కాక్స్ (జాన్ మాల్కోవిచ్) తాగుడు కారణంగా తన హోదా తగ్గిస్తున్నారని తెలిసి, ఉద్యోగం మానేసి ఆత్మకథ రాయడానికి కూర్చుంటాడు. విడాకులకు సిద్ధపడుతున్న అతని భార్య కేటీ ఆస్తిపాస్తుల లెక్కల కోసం అతని కంప్యూటరులోని ఫైళ్ళను సీడీలోకి ఎక్కిస్తుంది. ఆ సీడీ ఆమె న్యాయవాది కార్యాలయంలో పనిచేసే మనిషి ద్వారా ఒక జిమ్‌కు చేరి, అక్కడి నేల మీద దొరుకుతుంది. జిమ్ ఉద్యోగులైన చాడ్ (బ్రాడ్ పిట్), లిండా (ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్) దానిని దేశ రహస్యమని నమ్మేస్తారు. బీమా సంస్థ డబ్బు ఇవ్వనన్న నాలుగు సౌందర్య శస్త్రచికిత్సలు చేయించుకోవడమే లిండా జీవితాశయం. ఇందులో ఎవరికీ రాజకీయం లేదు, సిద్ధాంతం లేదు, చివరికి పెద్ద దురాశ కూడా లేదు.

చాడ్ బేరానికి వచ్చిన తీరు చూడండి. సూటు తొడుక్కుని సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, కాక్స్ కారులో కూర్చుని, సినిమాలలో గూఢచారులు చూసినట్లు కళ్ళు చిన్నవి చేసి చూస్తూ 50,000 డాలర్లు అడిగి, ముక్కు మీద గుద్దు తిని వెళ్ళిపోతాడు. తరువాత చాడ్, లిండా ఆ సీడీని రష్యా రాయబార కార్యాలయానికి పట్టుకెళ్తారు. వాళ్ళకు ఇవ్వడానికి ఇంకా సమాచారం దొరుకుతుందేమోనని చాడ్ కాక్స్ ఇంట్లో దొంగతనంగా దూరి బట్టల అలమరాలో దాక్కుంటే, కాక్స్ భార్యతో సంబంధం పెట్టుకున్న హ్యారీ (జార్జ్ క్లూనీ) ఆ తలుపు తీస్తాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి కూడా తుపాకీ పేల్చలేదని చెప్పుకునే మార్షల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ పోలీసు అధికారి) ఈ హ్యారీ. అలమరాలోని చాడ్ దొరికిపోయిన పిల్లవాడిలా పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతాడు. ఆ నవ్వు పూర్తి కాకముందే గుండు దిగుతుంది. హాలులో కూర్చున్న మన నవ్వు కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. దర్శకులు కోరుకున్నదీ అదే. అంతవరకు ఈ తెలివితక్కువతనానికి ఖరీదు ఉండదన్న భరోసాతో నవ్వుతున్నాము.

నన్ను అడిగితే అంతకంటే క్రూరమైనది జిమ్ మేనేజరు టెడ్ (రిచర్డ్ జెంకిన్స్) మరణం. పద్నాలుగేళ్ళు గ్రీకు ఆర్థడాక్స్ మతగురువుగా ఉండి వచ్చిన ఆ పెద్దమనిషి లిండాను ఉన్నది ఉన్నట్లుగా ప్రేమిస్తాడు, ఆమెకు ఏ శస్త్రచికిత్సా అవసరం లేదని చెబుతాడు, ఆమె కోసమే కాక్స్ ఇంట్లోకి వెళ్ళి, పట్టపగలు నడివీధిలో కాక్స్ గొడ్డలి దెబ్బలకు బలవుతాడు. చిత్రంలో కాస్త వివేకం ఉన్న మనిషి ఆయన ఒక్కడే. ఆ దృశ్యంలో నవ్వు రాలేదని ఎవరైనా అంటే నేను వారితో వాదించను.

ప్రశ్న: నిజంగా ఇంత తెలివితక్కువ వాళ్ళు గూఢచర్యంలోకి దిగుతారా? అదీ నేరుగా రష్యా రాయబార కార్యాలయానికి వెళ్ళడం మరీ విడ్డూరంగా లేదా? (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: విడ్డూరమే గాని జరగనిది కాదు. సీఐఏ ఉద్యోగి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయంలోకి తన కాళ్ళతో తానే నడిచి వెళ్ళి, కొంత సమాచారం ఇచ్చి 50,000 డాలర్లు అడిగాడు. అతనికి తాగుడు ఉంది, విడాకుల ఖర్చు ఉంది, అప్పులు ఉన్నాయి. మొదట ఇచ్చిన ఆ సమాచారానికి నిజానికి విలువేమీ లేదని, డబ్బు తీసుకుని అక్కడితో ఆపేయవచ్చని అతడు లెక్క వేసుకున్నాడు. కాని అక్కడితో ఆగలేదు. ఆ తరువాత అతడు అందించిన పేర్ల వల్ల అమెరికాకు రహస్యంగా పనిచేస్తున్న సోవియట్ పౌరులలో కనీసం పదిమంది ప్రాణాలు పోయాయి. అతడు 1994లో గాని పట్టుబడలేదు. యావజ్జీవ శిక్ష పడింది. కోయెన్ సోదరులు ఈ ఉదంతాన్ని చూసి రాశారని నేను అనడం లేదు. తాగుడు, విడాకులు, 50,000 డాలర్లు అన్న మూడు దినుసులు రెండు చోట్లా కలవడం మాత్రం గమనించదగినది.

చిత్రంలో రష్యన్లు అడిగే మొదటి ప్రశ్న, ఆ సీడీ పీసీదా, మ్యాక్‌దా అని. వాషింగ్టన్ గూఢచర్యం మీద ఇంతకంటే పొదుపైన వ్యంగ్యం నేను చూడలేదు.

కాక్స్ ఆత్మకథ విషయంలో మరొక మాట. సీఐఏలో పనిచేసినవారు తమ పని గురించి ఏదైనా రాస్తే ప్రచురణకు ముందు సంస్థకు చూపించాలి. వియత్నాం యుద్ధకాలంలో సైగాన్‌లో పనిచేసిన ఫ్రాంక్ స్నెప్ అలా చూపించకుండా 1977లో పుస్తకం వేస్తే, దాని మీద వచ్చిన ఆదాయాన్ని ప్రభుత్వానికి అప్పగించాలని అమెరికా సుప్రీం కోర్టు 1980లో తీర్పు చెప్పింది. అంటే కాక్స్ ప్రపంచాన్ని కుదిపేస్తానంటూ రాస్తున్న పుస్తకం ముందుగా వెళ్ళవలసింది అతడు తిట్టుకుంటూ వదిలి వచ్చిన కార్యాలయానికే!

ప్రశ్న: ఎడిటరుగా టైటిల్స్‌లో కనిపించే రోడరిక్ జేన్స్ ఎవరు? (విశాఖపట్నం నుంచి ఒక విద్యార్థి)

జవాబు: అటువంటి మనిషి లేడు. కోయెన్ సోదరులు తామే కూర్పు చేసి వేసుకునే మారుపేరు అది. ఆ లేని మనిషికి ఆస్కార్ నామినేషన్లు కూడా వచ్చాయి.

ప్రశ్న: ముగింపులో ఏదీ తేల్చకుండా ఇద్దరు అధికారులు నాలుగు మాటలు మాట్లాడుకుని ఫైలు మూసేస్తారు. ఇది ప్రేక్షకుడిని మోసగించడం కాదా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నా లెక్కన చిత్రానికి ప్రాణం ఆ ముగింపే. గూఢచారి కథలో ఎక్కడో ఒకచోట అన్నీ తెలిసిన ఒక పెద్దాయన ఉంటాడని, చివరికి ఆయనే ముడి విప్పుతాడని మనకు అలవాటైపోయింది. ఇక్కడ జె. కె. సిమన్స్ వేసిన సీఐఏ పై అధికారికి నిజంగానే అన్నీ తెలుసు. ఎవరు ఎవరిని చంపారో, శవం ఏమైందో, ఎవరు ఎవరితో తిరుగుతున్నారో పూసగుచ్చినట్లు ఆయన బల్ల మీదకు వస్తూనే ఉంటుంది. అర్థం మాత్రం కాదు. కాస్త అర్థమయ్యే స్థితికి వచ్చాక వచ్చి చెప్పమంటాడు. ఆ స్థితి రాదు, ఎందుకంటే అక్కడ అర్థం చేసుకోవడానికి ఏమీ లేదు. తాడును చూసి పామనుకున్నవాడికి దీపం వెలిగిస్తే భ్రమ పోతుందని మన వేదాంతులు చెప్పారు. ఇందులో దీపం పట్టుకున్నవాడికి తాడు కనిపించినా, ఇంతమంది దానిని పాము అని ఎందుకు కొట్టారో అంతుబట్టదు. శవాన్ని కాల్చేయమని, హ్యారీని వెనిజులా విమానం ఎక్కించమని, లిండా శస్త్రచికిత్సలకు డబ్బు ఇచ్చేయమని వరుసగా ఆజ్ఞలు జారీ చేసి, దీని నుంచి మనం నేర్చుకున్నదేమిటని కింది అధికారిని అడుగుతాడు. అతనికీ తెలియదు. కార్టర్ బర్వెల్ సంగీతం మొదటి నుంచి దేశం మునిగిపోతున్నంత హడావుడిగా మోగుతుంది గనుక, ఆ ఫైలు మూసిన తీరు ఇంకా బాగా పండింది.

లోపం లేదని కాదు. భార్యాభర్తల వ్యవహారాలు నడిచే మొదటి అరగంటలో ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తు పెట్టుకోవడానికే ప్రేక్షకుడి ఓపిక ఖర్చవుతుంది, కేటీ పాత్రకు కసురుకోవడం తప్ప మరొక పని ఇవ్వలేదు.

ప్రశ్న: పిల్లలతో కలిసి చూడవచ్చా? (డాలస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: చూడవద్దు. మీరుంటున్న అమెరికాలోనే దీనికి 'ఆర్' సర్టిఫికెట్ (పదిహేడేళ్ళలోపువారు పెద్దల తోడు లేకుండా చూడకూడదు) ఇచ్చారు. హత్యల సంగతి అలా ఉంచినా, కాక్స్ నోటి నుంచి వచ్చే బూతులు, హ్యారీ ఇంటి నేలమాళిగలో తయారు చేసే ఆ అశ్లీలమైన కుర్చీ చాలు, మిమ్మల్ని పిల్లల ముందు ఇబ్బంది పెట్టడానికి. నిడివి 96 నిమిషాలే కాబట్టి వాళ్ళు నిద్రపోయాక చూసుకోవచ్చు.